‘పారిపోయిన’ అన్న మాట గురించి

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీల్లో అడుగున ఒక చిన్న వార్త వచ్చింది. ఐదో తరగతి చదివే పాప తెల్లవారుజామున ఎవరికీ చెప్పకుండా గురుకులం నుంచి బయటపడింది. రోడ్డు పట్టుకుని నడుస్తుంటే పాల వ్యాన్ నడిపే అతను చూసి ఆపాడు, పోలీసులకు చెప్పాడు. వాళ్లు తల్లిదండ్రులను పిలిపించి అప్పజెప్పారు. పాప క్షేమంగా ఉంది. వార్త అంతే. పైన హెడ్డింగు మాత్రం ‘హాస్టల్ నుంచి పారిపోయిన విద్యార్థిని’ అని పెట్టారు.

నేను దేవరకొండ డివిజన్‌లో ఒక బాలికల గురుకులంలో స్టాఫ్ నర్సును. పదకొండేళ్లుగా ఇదే పని. ఆ పాప మా బడి పాప కాదు, ఆమెది ఏ ఊరో కూడా వార్తలో లేదు. అయినా ఆ హెడ్డింగు చదివిన దగ్గర్నుంచి నా మనసు మనసులో లేదు. దొంగలు పారిపోతారు, అప్పులు ఎగ్గొట్టినవాళ్లు పారిపోతారు. పదేళ్ల పిల్ల ఇంటికి పోతుంది సార్. మీ విలేకరి రాసిన దాంట్లోనే ఉంది, ఆమె తన మండలం వైపు పోయే రోడ్డు మీదే దొరికింది. వచ్చినప్పుడు ఒక్కసారి చూసిన దారిని గుర్తు పెట్టుకుని, చీకట్లో, ఒక్క మలుపు కూడా తప్పకుండా నడిచింది.

పుస్తకాల్లో దీన్ని ఇంటి మీద బెంగ అని రాస్తారు. మా పాలమూరు దిక్కు రంది అంటారు. ‘పిల్ల రంది పెట్టుకుంది’ అంటే చాలు, ఇంట్లో పెద్దవాళ్లకు అంతా అర్థమయ్యేది. తిండి సగమవుతుందని, నిద్రలో ఉలిక్కిపడుతుందని, ముట్టుకుంటే ఒళ్లు వెచ్చగా ఉంటుందని. నర్సింగ్ చదివే రోజుల్లో మాకు పాఠం చెప్పిన మేడం ఒకసారి చెప్పారు, 1688లో యోహానెస్ హోఫర్ అనే స్విట్జర్లాండ్ వైద్య విద్యార్థి దీన్ని జబ్బు కిందే లెక్కగట్టి పెద్ద వ్యాసం రాశాడని. ఇంటికి తిరిగి రావడం, నొప్పి, ఈ రెండు అర్థాలున్న గ్రీకు మాటలు కలిపి ‘నోస్టాల్జియా’ అని పేరు పెట్టింది అతనేనట. అప్పుడు పరీక్షలో రాదు కదా అని ఆ సంగతి అంతగా పట్టించుకోలేదు. గురుకులంలో చేరిన మొదటి జూన్ నెలలో ఆ నొప్పి ఎక్కడ ఉంటుందో నా చేత్తో తాకి తెలుసుకున్నాను.

బొడ్డు చుట్టూ ఉంటుంది. సాయంత్రం ఐదున్నరకు మొదలవుతుంది.

మా దగ్గర ఏటా ఐదో తరగతిలోకి 80 మంది కొత్త పిల్లలు వస్తారు. బడి తెరిచిన మొదటి వారం పెద్ద ఇబ్బంది ఉండదు. కొత్త బంకు మంచం, కొత్త పెట్టె, తాళం చెవి మెడలో వేసుకోవడం, అన్నీ వింతగా ఉంటాయి. రెండో వారం నుంచి చూడాలి. సాయంత్రం గుగ్గిళ్లు తినడం అయిపోతుంది, ఆటలు అయిపోతాయి, స్టడీ అవర్‌కు ఇంకా గంట కొట్టరు. ఆ మధ్యలో అరగంట ఖాళీ. సరిగ్గా అప్పుడే సిక్ రూమ్ గడప ముందు చిన్న చిన్న చెప్పుల జతలు చేరుతాయి. ఐదు జతలు, ఎనిమిది జతలు, ఒక్కోరోజు పన్నెండు. ‘సిస్టర్, కడుపు నొస్తుంది.’ ఎక్కడమ్మా అంటే అందరూ ఒకేలా అరచెయ్యి తీసుకుపోయి బొడ్డు మీద పెడతారు.

ఆ వేళ ఊళ్లో ఏం జరుగుతుంటుందో ఆలోచించండి. మేకలు ఇంటికి మళ్లుతుంటాయి. పత్తి చేలో కలుపు తీసి అమ్మ వస్తుంది. పొయ్యి ముట్టిస్తుంది. చెల్లెలు అమ్మ కొంగు పట్టుకుని తిరుగుతుంటుంది. పగలంతా పాఠాల్లో పడి మర్చిపోయినవన్నీ ఆ అరగంటలో పిల్ల మీదికి వస్తాయి.

చాలామంది టీచర్లు, వాళ్లు చెడ్డవాళ్లేం కాదు, దీన్ని నాటకం అంటారు. నాటకం కాదండీ. మెదడుకూ పేగులకూ మధ్య నరాల లంకె ఉంది. దిగులు పడితే పేగులు నిజంగానే బిగుసుకుంటాయి, నిజంగానే నొప్పి వస్తుంది. పరీక్ష రోజు పొద్దున మనకు కడుపులో తిప్పినట్టు అవుతుంది చూడండి, అలాంటిదే. పిల్ల అబద్ధం ఆడడం లేదు. ఏడుపు బయటికి రానిస్తే అందరూ నవ్వుతారని లోపల పెట్టుకుంటే అది కడుపులో చేరుతుంది.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. నేను చేరిన రెండో ఏడు, జూన్ చివర్లో, ఒక పాప రెండు రోజులు వరసగా కడుపునొప్పి అని వచ్చింది. కొత్త పాప, సాయంత్రం పూట, ఇంకేముంది రంది అనుకున్నాను. వాము నీళ్లు ఇచ్చి, వీపు నిమిరి పంపించాను. మూడో రోజు రాత్రి పదకొండింటికి పక్క మంచం పిల్లలు వచ్చి లేపారు. నొప్పి కుడివైపు కిందికి జారింది, రెండుసార్లు వాంతి, జ్వరం. 108లో ఆస్పత్రికి తీసుకుపోతే అపెండిక్స్ అన్నారు, ఆ రాత్రే ఆపరేషన్ చేశారు. పాప బతికింది. ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. నొప్పి బొడ్డుకు ఎంత దూరంగా ఉంటే అంత జాగ్రత్త పడాలని మాకు చదువులోనే నేర్పారు. నేర్చుకున్నది ఒకటి, ఆ రోజు చేసింది ఒకటి. ఆ రాత్రి నుంచి నా పద్ధతి మార్చుకున్నాను. ప్రతి పాపకూ టెంపరేచర్ చూస్తాను, కడుపంతా నొక్కి చూస్తాను, ఏం తిన్నావు, విరేచనం ఎట్లా అయింది అని అడుగుతాను. అన్నీ చూశాకే ఇంటి సంగతి అడుగుతాను. ఇందులో నేను కనిపెట్టింది ఇంకోటి ఉంది. అట్లా ఓపిగ్గా చూస్తే, రంది పెట్టుకున్న పిల్లకు ఆ చూడటంతోనే సగం తగ్గుతుంది. తన నొప్పిని ఒకరు నమ్మారు కదా.

నేనూ హాస్టల్ పిల్లనే. మాది అమ్రాబాద్ మండలంలో మన్ననూరుకు దగ్గరి ఊరు. 1994లో నన్ను కల్వకుర్తిలో హాస్టల్లో వేశారు. మా నాయిన వచ్చి దింపాడు. రేకు పెట్టె లోపల పెట్టించి, జొన్నరొట్టెల మూట చేతికిచ్చి, ‘ఈడనే ఉండు బిడ్డా, బీడీ తెచ్చుకుని వస్త’ అని గేటు దాటాడు. నేను మూట పట్టుకుని అక్కడే నిలబడ్డాను. మధ్యాహ్నం అన్నానికి పిలిస్తే పోలేదు, నాయిన వచ్చాక తింటానన్నాను. చీకటి పడ్డాక ఆయా వచ్చి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది.

మా హాస్టల్ గోడ పక్కనే శ్రీశైలం రోడ్డు. సాయంత్రం ఒక బస్సు పోయేది, ముందు ‘శ్రీశైలం’ బోర్డుతో. ఆ బస్సు డిండి మీదుగా మా ఊరి స్టేజీ దాటే పోతుంది. రెండు గంటల్లో అది మా నాయిన కూర్చునే హోటల్ ముందు ఆగుతుందని నాకు తెలుసు. రోజూ గోడ దగ్గరి రాయి ఎక్కి ఆ బస్సు వెనకద్దం కనిపించేంత వరకు చూసేదాన్ని. అది పోయాక కడుపులో నొప్పి మొదలయ్యేది. మా వార్డెన్ సోడా పొట్లం ఇచ్చేది.

నాకు పెళ్లి కుదిరిన ఏడు నాయిన ఆ రోజు సంగతి ఎత్తాడు. బస్టాండ్‌లో రెండు బస్సులు వదిలేసి మూడోది ఎక్కాడట. వెనక్కి వస్తే నన్ను ఇంటికి తీసుకుపోతాడని భయమేసిందట. నేనేమీ అనలేదు. కానీ ఎవరైనా ‘ఇప్పుడే వస్త’ అని బయటికి పోతే ఈ రోజుకూ నేను గేటు వైపు చూస్తాను.

అందుకని జూన్‌లో పిల్లలను దింపే రోజు నేను సిక్ రూమ్‌కు తాళం వేసి గేటు దగ్గరే ఉంటాను. తల్లిదండ్రులకు ఒకటే చెబుతాను, పిల్ల చూడకుండా పోవద్దని. ‘బిస్కెట్లు తెస్త’, ‘బాత్రూముకు పోయి వస్త’ అని జారుకోవద్దు. ఏడిస్తే ఏడవనియ్యండి, మీకు ఏడుపొస్తే మీరూ ఏడవండి, కానీ మొహం చూసి చెప్పి పోండి. మళ్లీ ఏ రోజు వస్తారో నిజం చెప్పండి. ‘రేపే వస్త’ అని పోయిన తండ్రి కోసం ఆ పిల్ల రేపు, ఎల్లుండి, ఆవలెల్లుండి కూడా గేటు చూస్తుంది. ఇరవై రోజులు అని చెప్పినా ఫరవాలేదు, పిల్ల గోడ మీద గీతలు పెట్టి లెక్కేసుకుంటుంది. చెప్పిన రోజు తప్పకుండా రండి. రాలేకపోతే ఫోన్ చేసి నాకైనా చెప్పండి.

మా పిల్లల్లో సగం మంది చందంపేట, నేరేడుగొమ్ము, డిండి వైపు తండాల నుంచి వస్తారు. నాకు లంబాడీ మాట రాదు. మొదటి ఏడాది ఒక పాప సిక్ రూమ్‌లో జ్వరంతో పడుకుని నిద్రలో అదే మాట కలవరించేది. నాకు ‘యాది, యాది’ అన్నట్టు వినిపించింది. మాకు యాది అంటే జ్ఞాపకం. పాపం, పిల్లకు ఇల్లు యాదికొస్తోంది అనుకుని తడిగుడ్డ మార్చాను. పొద్దున ఇంకో పాప చెప్పింది, ‘యాది కాదు సిస్టర్, యాడి. యాడి అంటే అమ్మ’ అని. రాత్రంతా ఆ బిడ్డ అమ్మను పిలుస్తుంటే నేను పక్కనే కూర్చుని అర్థం చేసుకోలేదు. అప్పటినుంచి తండాల పిల్లలను ముందు అదే అడుగుతాను, ‘యాడి ఫోన్ నంబర్ చెప్పు’ అని. ఆ ఒక్క మాట వాళ్ల భాషలో అంటే చాలు, మొహం ఎట్లా విచ్చుకుంటుందో.

ఫోన్ గురించి కూడా రాయాలి. కొత్త పిల్లలను కొన్నాళ్లు ఇంటితో మాట్లాడనివ్వొద్దు, మాట్లాడితే రంది ఎక్కువవుతుంది అని హాస్టళ్లలో ఒక నమ్మకం ఉంది. నేను కూడా మొదట్లో నమ్మాను. ఫోన్ పెట్టేశాక పది నిమిషాలు పిల్లలు ఎక్కువగానే ఏడుస్తారు, అది నిజమే. కానీ ఆ రాత్రి అన్నం తింటారు. మాట్లాడని పిల్లలు ఏడవరు, తినరు కూడా. పళ్లెంలో అన్నం కెలికి లేచిపోతారు. నాకు పిల్ల ఏడవడం కంటే తినకపోవడమే ఎక్కువ టెన్షన్. మా ప్రిన్సిపల్ మేడం ఒప్పుకుని, రెండేళ్లుగా మొదటి 40 రోజులు కొత్త పిల్లలకు ఆ సాయంత్రపు అరగంటలో వంతుల ప్రకారం రెండేసి నిమిషాలు మాట్లాడిస్తున్నాం. 40 అని ఎందుకు పెట్టామంటే పెద్ద కారణమేమీ లేదు, మా అమ్మ ఏ జబ్బుకైనా నలభై రోజుల పత్యం చెప్పేది.

నారాయణపేట వైపు నుంచి వచ్చిన పాప ఒకామె ఉంది. అమ్మానాయిన పుణెలో సెంట్రింగ్ పనికి పోయారు. ఊళ్లో ఇంటికి తాళం. ఆ సాయంత్రం అరగంటలో ఫోన్ చేస్తే ఎత్తరు, ఇంకా పని మీదే ఉంటారు. ఇంటికి పోతానని ఏడ్చే పిల్లకు సెలవులిస్తే ఎక్కడికి పంపాలి? ‘మీ ఇల్లు ఎక్కడమ్మా’ అని అడిగితే చాలాసేపు ఆలోచించి, ‘మా అమ్మ కాడ’ అంది. వాళ్లమ్మ రాత్రి తొమ్మిదింటికి రూముకు వస్తుంది. తొమ్మిదింటికి మా దగ్గర లైట్లు ఆర్పేయాలి. ఆ పాప కోసం రూలు తప్పి నా సొంత ఫోన్ ఇస్తున్నాను. తప్పో ఒప్పో పెద్దలు చెప్పాలి.

మూడేళ్ల కింద శ్రావణంలో ఇంటర్ చదివే అక్కలు కొందరు, ఊళ్లో తీజ్ అవుతోంది, మేమూ ఇక్కడ బుట్టలు పెట్టుకుంటామని అడిగారు. లంబాడీల్లో పెళ్లికాని ఆడపిల్లల పండుగ అది. చిన్న బుట్టల్లో నల్లమట్టి, ఎరువు కలిపి గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు పొద్దున సాయంత్రం నీళ్లు పోసి మొలకలు పెంచుతారు. దేవరకొండ నుంచి బుట్టలు తెప్పించాం. చిన్న మంచె కట్టి వరండాలో ఒక మూలకు పెట్టారు. ఆ ఏడాది రోజూ నా దగ్గరికి వచ్చే ఒక చిన్న పాపకు అక్కలు సాయంత్రం నీళ్లు పోసే పని అప్పజెప్పారు. నేను చెప్పి చేయించింది కాదు, వాళ్లే చేశారు. మొదటి రోజు చెంబు అంచు వరకు నింపుకుని, నీళ్లు ఒలికించుకుంటూ వచ్చింది. రెండో రోజు ఐదింటికే చెంబు పట్టుకుని నిలబడింది. నాలుగో రోజుకు సూదుల్లాంటి మొలకలు పైకి వచ్చాయి. అప్పుడు వచ్చి, నొప్పి అని కాదు, చెయ్యి పట్టుకుని లాక్కుపోయి చూపించింది. బుట్ట మీదికి వంగి, ముక్కు దాదాపు మట్టికి ఆనించి, ‘మా తండాల గూడ ఇట్లనే వాసనొస్తది సిస్టర్’ అంది. నేనూ వంగి చూశాను. తడిమట్టి, మేకల ఎరువు, పచ్చి గోధుమ కలిసిన వాసన.

ఆ పాప నొప్పి పూర్తిగా పోయిందని చెప్పను. ఆదివారాలు వస్తూనే ఉండేది. కానీ ఆ వరండా మూల ఆమెది అయింది. పండుగ అయిపోయి బుట్టలు తీసేశాక కూడా అక్కడే కూర్చుని హోంవర్కు చేసుకునేది.

ఈ గురుకులాల చదువు మన గడ్డ మీదే మొదలైంది. 1971లో పి.వి. నరసింహారావు గారి పూనికతో సర్వేల్‌లో మొదటి గురుకులం పెట్టారు. అప్పుడది నల్గొండ జిల్లా, ఇప్పుడు యాదాద్రి భువనగిరి. గురుకులాలు లేకపోతే నాలాంటివాళ్లం, మా పిల్లల్లాంటివాళ్లు ఏ పత్తి చేలోనో ఉండేవాళ్లం. అది నేను ఎప్పటికీ మరవను. గురుకుల విద్యార్థిని మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కితే మేమంతా మా పిల్లే ఎక్కినట్టు సంబరపడ్డాం. కానీ రంది పెట్టుకున్న పిల్లకు ఆ కథ చెప్పి, ‘ఆమె ఎవరెస్టు ఎక్కింది, నువ్వు నెల రోజులు ఉండలేవా’ అని అడగడం మాత్రం ఆపాలి. పిల్ల తల దించుకుంటుంది, అంతే. ఇంటికి పోవాలనుకోవడం చేతగానితనమని నేర్చుకుంటుంది. ఆ మాట పడలేకనే కొందరు టీసీ తీసుకుని పోతారు. మొదటి రెండు నెలల్లో వెళ్లిపోయిన పిల్లలు మళ్లీ గురుకులం గడప తొక్కడం నేను చూడలేదు.

అధికారులకు పెద్ద కోరికలేమీ కోరడం లేదు. మంచాలు అడ్మిషన్ నంబర్ల వరసలో కాకుండా ఒక మండలం పిల్లలను పక్కపక్కన వేయండి. మొదటి 40 రోజులు సాయంత్రం అరగంట ఖాళీగా వదలకండి, చేతికి పని ఇవ్వండి, ఇంటి గొంతు వినిపించండి. పేరు పెట్టి పిలవండి. మా దగ్గరికి కొత్తగా వచ్చిన ఒక పాపను పేరడిగితే 4 అంకెల నంబర్ చెప్పింది. బట్టల మీద, పళ్లెం మీద, పెట్టె మీద అదే ఉంటుంది కదా, పేరు అదే అనుకుంది.

మీకు నా మనవి ఒకటే. ఇలాంటి వార్త మళ్లీ వస్తే, రాకూడదనే కోరుకుంటున్నాను, ‘పారిపోయిన’ అని రాయకండి. ‘ఇంటికి బయల్దేరిన’ అని రాయండి. ఆ పేపర్ ముక్క ఆ పిల్ల ఊళ్లో అందరూ చదువుతారు, ఆమె క్లాసులో కూడా చదువుతారు. తిరిగి బడికి వచ్చిన రోజు ఆమెను ఏమని పిలుస్తారో మీరు వేసే మాట మీద ఉంటుంది.

పోయిన వారం పాప తిరిగి బడికి పోయిందో లేదో మీ విలేకరిని కనుక్కోమనండి. పోయి ఉంటే ఆమె సాయంత్రం పూట అన్నం తింటోందో లేదో అక్కడి సిస్టర్‌ను అడగమనండి. వార్త వేయకపోయినా ఫరవాలేదు, కవరు మీద నా చిరునామా ఉంది, ఒక కార్డు ముక్క రాయండి.

ఇట్లు,
ఒక స్టాఫ్ నర్సు
దేవరకొండ డివిజన్, నల్గొండ జిల్లా
(పేరు ప్రచురించవద్దని మనవి)